మా గుమ్మం పక్కన బొగ్గు గీత

బందరు నుంచి నూజివీడుకు కోడలిగా వచ్చిన కొత్తలో మా అత్తగారు నాకు ముందుగా చూపించింది వంటిల్లు కాదు, దొంగలుండే దిక్కులు. పెరట్లో బావి గట్టు మీద కూర్చోబెట్టి, చెయ్యెత్తి ఒక్కో వైపూ చూపిస్తూ చెప్పారు.

"అదిగో, అటు కోటవీధి. మర్యాదస్తులేలే గాని, అడిగి తీసుకెళ్ళిన సామాను తిరిగి ఇవ్వరు. ఇటు బస్సు ఆగే చోటు. అక్కడ మెడలో గొలుసు జాగ్రత్త. ఇక వాగు దాటితే తోటపేట. అటు తల కూడా తిప్పకమ్మాయ్. ఇంటికో దొంగ ఉంటాడు."

"మరి మన పెద్ద బజారో, అత్తయ్యా?" అన్నాను.

"మన బజార్లో దొంగలేంటి, చోద్యం కాకపోతే!" అని నా అమాయకత్వానికి నవ్వారు.

నాకూ నవ్వొచ్చింది గాని, కొత్త కోడల్ని కదా, కొంగులోనే నవ్వుకున్నాను. ఎందుకంటే బందర్లో నా పెళ్ళి కుదిరినప్పుడు మా అమ్మ ఇదే పాట పాడింది. "నూజివీడా తల్లీ! ఊరి చుట్టూ తోటలు, తోటల నిండా దొంగలు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మా బందర్లో నెలకో ఇంటికి కన్నం పడేది. అయినా ఆ దొంగలు మా వీధివాళ్ళు కారు, రేవు వైపు వాళ్ళు.

అత్తగారి అక్కగారు ఒకరు విస్సన్నపేటలో ఉండేవారు. బొగ్గుతో నడిచే బస్సులో మా ఇంటికి వచ్చేటప్పుడు, నూజివీడు దగ్గర పడుతుందనగానే మెడలో గొలుసు తీసి, గుడ్డలో చుట్టి, బొడ్లో దోపుకునేవారు. మా ఊరి దొంగల మీద ఆవిడకు అంత నమ్మకం. మా అత్తగారు విస్సన్నపేట వెళ్ళినప్పుడు ఆ ఊరి పొలిమేరలో సరిగ్గా అదే పని చేసేవారు. ఒక తల్లి పిల్లలే ఇద్దరూ. ఒకరి ఊరిని ఒకరు దొంగల ఊరని ఎప్పుడూ పైకి అనలేదు.

మా మామగారు మామిడి తోటలు గుత్తకు తీసుకుని కాయ వ్యాపారం చేసేవారు. ఆగిరిపల్లి వైపు ఆయనకు పెద్ద తోటలుండేవి. కాయ కోసేవాళ్ళు, బండ్లకెత్తేవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, అందరూ తోటపేట వాళ్ళే. తోటకు తోట వాళ్ళ చేతిలో పెట్టి ఆయన ఇంట్లో హాయిగా గురకపెట్టి నిద్రపోయేవారు. ఆ మనుషుల్లో ఒకరు మంచినీళ్ళకని మా పెరట్లోకి వస్తే మాత్రం, అత్తగారికి ఇంట్లో ఉన్న చెంబులన్నీ పేరుపేరునా గుర్తొచ్చేవి. బజారు పిల్లలు తోటలో పడి కాయలు తెంపితే మా వాళ్ళు దాన్ని అల్లరి అనేవారు. తోటపేట పిల్లలు రాలిన కాయ ఏరుకుంటే దొంగతనం అనేవారు. కాయ అదే, చెట్టూ అదే.

ఇంతకీ బజార్లో జరిగిన దొంగతనం ఏమిటయ్యా అంటే, పక్కింటి పిన్నిగారి ఇత్తడి జల్లిగరిటె. నేను కాపరానికి రాకముందే పోయిందది. గారెలు దేవినప్పుడల్లా పిన్నిగారు దాన్ని తలుచుకుని తోటపేటను తిట్టిపోసేవారు. ఎవరు తీశారో ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరం లేదన్నట్టు మాట్లాడేవారు అందరూ.

ఆ గరిటె పుణ్యమా అని మా ఇంట్లో ఒక పద్ధతి మొదలైంది. తోటపేట నుంచి పనికి వచ్చిన ఆడవాళ్ళు వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి కొంగు విప్పి దులపాలి. అత్తగారు పీట వేసుకుని ఎదురుగా కూర్చునేవారు. నేను వచ్చిన మొదటి వేసవిలో ఆవకాయ ముక్కలు కొట్టడానికి ఒకామె వచ్చింది. మా అమ్మ వయసుంటుంది. ఎండలో పొద్దస్తమానం కాయలు కొట్టి, కత్తీ దిమ్మా సర్దుకుని, గుమ్మం దగ్గర ఆగి, ఎవరూ అడక్కుండానే కొంగు తీసి దులిపింది. మామిడి జీడి పొట్టు రెండు రేకులు రాలాయి, అంతే. నాకు ఒళ్ళంతా సిగ్గేసింది. ఎటు చూడాలో తెలియక తులసికోట వైపు చూశాను.

"అనుమానం కాదమ్మాయ్, పద్ధతి" అన్నారు అత్తగారు, నేను అడక్కుండానే.

ఇది నేను వచ్చిన రెండో వేసవి మాట, స్వాతంత్య్రం వచ్చిన మరుసటి ఏడు. సరిహద్దు అవతల నైజాంలో గొడవలు జరుగుతుండేవి. మూటాముల్లె నెత్తిన పెట్టుకుని అటునుంచి జనం మన వైపు వచ్చేవారు. వాళ్ళు చెప్పేది కొంత, దానికి మా బజారు కలిపేది కొండంత. ఇవాళ దోపిడీ దొంగలు తిరువూరు దాటారనేవారు, రేపు విస్సన్నపేట దాటారనేవారు. మగవాళ్ళు కర్రలు పట్టుకుని వీధి అరుగుల మీద కాపలా పడుకునేవారు. పడుకునేవారు అన్నది నేను కావాలనే అంటున్నాను.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, భోజనాలై బజారంతా కునుకు తీసి లేచేసరికి, దాదాపు ఇంటింటికీ గుమ్మం పక్కన సున్నం గోడ మీద బొగ్గుతో నిలువు గీత ఉంది. పిన్నిగారింటికి గీత. ఎదురింటికి గీత. మా ఇంటికి మాత్రం గీత పక్కన ఒక సున్నా, సున్నా మధ్యలో చుక్క.

బజారు గుండె గుభేలుమంది. దొంగలు ఇళ్ళు గుర్తు పెట్టుకుని వెళ్ళారని అప్పటికప్పుడు తేలిపోయింది. గీత గీసింది తోటపేటవాళ్ళని, గీయించింది సరిహద్దు అవతలివాళ్ళని కూడా తేలింది. మా ఇంటి సున్నా చూడటానికి వీధివీధంతా వచ్చింది. ఈ ఇంట్లో బంగారం ఎక్కువుందని దానర్థమట. అత్తగారు భయంతో వణికిపోయారు, నిజమే. వణుకుతూనే వచ్చినవాళ్ళందరితో, "మా ఇంట్లో ఎక్కువుందని వాళ్ళకెలా తెలిసిందో ఏంటో వదినా" అనేవారు. ఒట్టి గీత మాత్రమే దక్కిన పిన్నిగారు మొహం మాడ్చుకున్నారు.

సాయంత్రానికి తడిగుడ్డలు పట్టుకుని ఎవరి గీత వాళ్ళు చెరిపేశారు. మా అరుగు మీద పెద్దలంతా కూర్చుని ఒక తీర్మానం చేశారు. ఇక మీదట తోటపేటవాళ్ళు బజార్లో అడుగు పెట్టకూడదు. తోటల్లోకి పనికి రావడానికి మాత్రం అభ్యంతరం లేదు. ఆ రెండో మాట మా మామగారు చేర్పించారు, కాయ కోత నడుస్తోంది కదా మరి.

నాకు మాత్రం నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. ఆ ఏడు ఆవకాయ నా చేతుల మీదుగా పెట్టాలని అత్తగారు అప్పగించారు. మా ఇంట్లో కోడలికి వంటింటి తాళాలు ఇచ్చేముందు ఆవకాయ చేయిస్తారు. అది కుదిరితే కోడలు, చెడితే బందరు పిల్ల. పుల్ల కాయ బండెడు పెరట్లో దిగింది. కడిగి, తుడిచి పరిచాను. ముక్కలు కొట్టే మనిషి రాదు. ఎలా వస్తుంది, తీర్మానం మా అరుగు మీదేగా జరిగింది! ఆ ఎండల్లో కాయ ఎన్నాళ్ళు ఆగుతుంది? రోజుకింత రంగు తిరుగుతోంది. మెత్తబడితే ఆవకాయకు పనికిరాదు.

మా ఆయన మగతనానికి పోయి కత్తి పట్టుకున్నారు. టెంక ఒక వైపు, కండ ఒక వైపు, ఈయన బొటనవేలు ఒక వైపు. టెంక అంటుకుని ఉండకపోతే అది ముక్కా? నేనూ ఒక కాయ కొట్టి చూశాను. అది ఎగిరి బావిలో పడింది. అత్తగారు అరటాకుతో విసురుకుంటూ చూస్తూ కూర్చున్నారు గాని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

"నేను తోటపేట వెళ్ళి ఆమెను పిలుచుకొస్తాను" అన్నాను.

ఇంట్లో చావు కబురు విన్నట్టు చూశారు. అయినా కాయ వైపు కూడా ఒకసారి చూశారు. చివరికి అత్తగారు నా చేతి గాజులు తీయించారు, గొలుసు తీయించారు, కమ్మలు తీయించారు. పసుపుతాడు, మట్టిగాజులు మిగిలాయి. తోడు మా ఆయన, ఆయుధంగా గొడుగు. వాగు దాకా వచ్చి, "నువ్వెళ్ళు, నేనిక్కణ్ణుంచి చూస్తుంటాను" అని ఆయన గట్టు మీదే ఆగిపోయారు.

వాగు దాటితే మొదటి గుడిసె ముందు ఒక ముసలమ్మ చాప మీద మామిడి ఒరుగులు ఆరబెట్టుకుంటోంది. నన్ను చూడగానే గబగబా చాప నాలుగు కొసలూ కూడదీసింది. లోపలికి తిరిగి, "బజారోళ్ళొస్తున్నారే, గిన్నెలు లోపల పెట్టండి" అని కేకేసింది.

వెనక ఎవరైనా దొంగ వస్తున్నాడేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేనే. అంత పద్ధతిగా నగలన్నీ ఒలుచుకుని వస్తే, నన్ను చూసి తలుపులు వేసుకుంటున్నారు! కోపమొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. మా బజార్లో కాటా ఎలా తూగుతుందో ఈ ముసలమ్మకు మా అత్తగారికంటే బాగా తెలిసినట్టుంది.

ముక్కలు కొట్టే ఆమె గుడిసె ముందు కత్తికి సాన పెట్టుకుంటోంది. పక్కనే తలదించుకుని ఒక చిన్నపిల్లలాంటి కోడలు.

"ఏంటి కోడలమ్మగారూ, ఇంత దూరం వచ్చారు?" అంది, లేవకుండానే.

"కాయ మెత్తబడుతోంది. నువ్వు వచ్చి కొట్టిపెట్టాలి."

"గుర్తు మీరే తుడిచేశారు గదండీ. ఒద్దనుకున్నారని కోటవీధికి ఒప్పుకున్నాం."

"ఏం గుర్తు?"

"బొగ్గు గీత. ముక్కలు కొట్టే ఇల్లని."

ఆమే మెల్లగా చెప్పింది. పోయినేటి దాకా తనొక్కతే కొట్టేది, ఏ ఇల్లు ఎవరిదో తెలుసు. ఈ ఏడు కోడళ్ళు కూడా పనిలో దిగారు. వాళ్ళకు బజార్లో ఇళ్ళన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకని మొన్న మధ్యాహ్నం, మేమంతా నిద్రపోతున్నాం కదా అని లేపకుండా, వాడుకగా కొట్టించుకునే ఇళ్ళకు గీత గీసి వచ్చింది. బజారు బజారంతా కర్రలు పట్టుకుని కాపలా కాసింది ఆవకాయ ముక్కల కోసం!

పగలబడి నవ్వాను. ఆమె కోడలు కూడా నవ్వింది. అప్పుడు అడిగాను, "మరి మా ఇంటికి సున్నా, చుక్క ఏంటి?"

ఇద్దరూ నవ్వు ఆపేశారు.

"అదేం లేదులెండి" అంది.

"చెప్పవా?"

కత్తి పక్కన పెట్టింది. "అది కన్ను బొమ్మండీ. కొంగు దులపాల్సిన ఇల్లని. ఈ పిల్ల కొత్తగా వచ్చింది. నన్ను మొదటిసారి గుమ్మం దగ్గర నిలబెట్టి దులపమన్నప్పుడు ఇంటికొచ్చి ఏడ్చాను. దీనికి ముందే తెలిస్తే నయం గదా."

నాకు మళ్ళీ ఆ రోజు తులసికోట గుర్తొచ్చింది. ఆ పిల్ల వయసూ నా వయసూ ఇంచుమించు ఒకటే. ఇద్దరం కొత్త కోడళ్ళమే. నాకు మా అత్తగారు చెయ్యెత్తి చూపిస్తే, దానికి దాని అత్తగారు బొగ్గుతో గీసి చూపించింది.

"రేపు వస్తానండీ. మీరు ఇంత దూరం వచ్చారు కాబట్టి వస్తాను. కొంగు మాత్రం దులపను. దులపమంటే ఇక మీ గుమ్మం తొక్కను, నేనే కాదు, మా వాళ్ళెవరూ తొక్కరు" అంది. అరవలేదు, కోప్పడలేదు.

దులపనక్కర్లేదని మాటిచ్చాను. ఇచ్చాక గాని ఆ గుమ్మం నాది కాదని గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి గీతల సంగతి చెబితే బజారంతా కాసేపు నేల చూపులు చూసి, ఆ తర్వాత మాకు ముందే తెలుసు అంది. తీర్మానం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కొంగు సంగతి అత్తగారికి విడిగా చెప్పాను. కన్ను అన్న మాట మాత్రం నోరు రాక మింగేశాను. "చూద్దాంలే" అన్నారు అత్తగారు. ఆవిడ చూద్దాం అంటే దానికి ఏ అర్థమైనా ఉండొచ్చు.

మర్నాడు అత్తా కోడళ్ళిద్దరూ వచ్చారు. కత్తి పడుతుంటే కాయ టెంకతో సహా పువ్వు విచ్చినట్టు విచ్చుకునేది. నేను జీడి తీసి, పొర తుడిచి ముక్కలు ఆరేశాను. అత్తగారు పీట మీద నుంచి కదల్లేదు. నాకు పని మీద దృష్టి లేదు, సాయంత్రం గుమ్మం దగ్గర ఏమవుతుందోనన్న బెంగే. దులపమంటే నా మాట పోతుంది, రేపటి నుంచి వాళ్ళెవరూ రారు. ఆ తాళాలు నాకిచ్చినా వాటితో ఏం చేసుకోను?

పని అయింది. కత్తీ దిమ్మా మూటగట్టుకుని ఇద్దరూ లేచారు. గుమ్మం దగ్గర పెద్దామె కాళ్ళు అలవాటు కొద్దీ ఆగాయి. కోడలు ఆమె కొంగు పట్టుకుని వెనక నిలబడింది. నేను గోడకు ఆనుకున్నాను.

అత్తగారు బొడ్లో తాళాల గుత్తి తీసి, ఒక్కొక్క తాళమే కొత్తగా చూస్తున్నట్టు చూడసాగారు. తల ఎత్తలేదు.

"ముక్క బాగా కొట్టావే" అన్నారు. "వెళ్ళిరా. పిల్లకు ఎండ తగలకుండా చూసుకో."

వాళ్ళు వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. కారం కళ్ళలో పడిందని చెప్పాను.

నా మాట నిలబెట్టారు గాని ఆవిడ మనసు మాత్రం నిలవలేదు. కొంగు దులిపించలేదు కదా, మరి ఇల్లు ఎలా ఉందో ఏంటో! ఆ సాయంత్రమే ఇంట్లో సామానంతా దించి సరిచూశారు. చెంబులు, గ్లాసులు, మరచెంబులు, అటక మీది గంగాళం. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. పైగా గంగాళం అడుగున ఒకటి ఎక్కువే ఉంది. చిలుము పట్టిన ఇత్తడి జల్లిగరిటె.

అత్తగారు దాన్ని అలా పట్టుకుని కూర్చుండిపోయారు. ఎప్పుడో తన మరిది పెళ్ళిలో పూర్ణాలకని పిన్నిగారి దగ్గర ఈవిడే అడిగి తెచ్చారట. ఇచ్చిన ఆవిడ మర్చిపోయింది, తెచ్చిన ఈవిడా మర్చిపోయింది. మర్చిపోనిది తోటపేటను తిట్టడం ఒక్కటే.

మర్నాడు పొద్దున నేను గుమ్మానికి పసుపు రాస్తుంటే అత్తగారు లోపలి నుంచి వచ్చారు. ఎడమ చెయ్యి కొంగు చాటున ఉంది. కొంగు కింద నుంచి గరిటె కాడ పొడుచుకొచ్చింది. నన్ను చూసి గడప మీద ఆగిపోయారు.

"వాళ్ళ బావి గట్టు మీద పెట్టేసి వస్తాను. వాళ్ళే చూసుకుంటారు" అన్నారు మెల్లగా.

"అలా పెడితే తోటపేటవాళ్ళు భయపడి తెచ్చి పడేశారంటారు, అత్తయ్యా."

ఆవిడ పక్కింటి వైపు చూశారు. నేను పసుపు రాయడం ఆపేశాను. అప్పుడు కొంగు చాటు నుంచి గరిటె బయటికి తీశారు. కొంగు ఒకసారి విదిలించి భుజం మీద వేసుకుని, జల్లిగరిటె నలుగురికీ కనబడేలా చేత్తో పట్టుకుని, నడి బజార్లో నడుచుకుంటూ పక్కింటికి వెళ్ళారు.

"వదినా, నీ గరిటెను ఎవరూ ఎత్తుకెళ్ళలేదు. మా అటక మీదుంది. నేనే తెచ్చి మర్చిపోయాను" అన్న మాట నాకు మా గుమ్మం దాకా వినిపించింది.

పిన్నిగారు గరిటె తీసుకున్నారు గాని మాట మాత్రం మానేశారు. ఆ పై మా ఇంటి నుంచి ఎవరు వెళ్ళినా ఆవిడ కళ్ళు వాళ్ళ చేతుల మీదే ఉండేవి. పనికొచ్చిన ప్రతివాళ్ళ చేతా కొంగులు దులిపించడం కూడా మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ వాగవతల ఉన్న దొంగలు పిన్నిగారి లెక్కలో పక్కింటికి మకాం మార్చారు.

ఆవకాయ ఎర్రగా, ముక్క గట్టిగా కుదిరింది. తాళాలు నా బొడ్లోకి వచ్చాయి.

మళ్ళీ వేసవి వచ్చింది. మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి దాదాపు ఇంటింటికీ బొగ్గు గీతలు. ఈసారి ఎవరూ కంగారు పడలేదు సరికదా, గీత పడనివాళ్ళు మాకెందుకు గీయలేదని కబురు పెట్టారు. మాకు ఒట్టి నిలువు గీత. పిన్నిగారింటికి గీత, పక్కనే సున్నా, సున్నాలో చుక్క. పిన్నిగారి కాళ్ళు నేలకు ఆనలేదు. వచ్చేపోయేవాళ్ళందరికీ గోడ చూపించి, "పెద్ద ఇల్లని మా ఇంటికే వేశారు చూడండి" అని చెప్పుకున్నారు.

మా అత్తగారు ఒకటికి రెండుసార్లు వీధిలోకి వెళ్ళి చూసొచ్చారు. చివరికి ఉండబట్టలేక నా దగ్గరకొచ్చారు.

"నిరుడు ఆ సున్నా మనకుండేది కదమ్మాయ్. ఈ ఏడు మనకెందుకు వేయలేదు? మనమేం తక్కువ?"

నిరుడు మింగిన మాట ఈసారి చెప్పేశాను. అది కన్నని, ఏ ఇళ్ళకు వేస్తారో, ఎందుకు వేస్తారో చెప్పాను. కోడలు పిల్ల కోసమని కూడా చెప్పాను.

ఆవిడ లేచి గుమ్మం దగ్గరకు వెళ్ళి, ఒట్టి గీతను చూస్తూ నిలబడ్డారు. లోపలికి వచ్చాక, పండక్కి గోడలకు సున్నం కొట్టేవాడు వస్తే ఆ గీత జోలికి వెళ్ళొద్దని చెప్పమన్నారు.